మన గుడారం ఎందుకు కారింది? ఎందుకు చినిగింది?



ముందుగా ఒక తప్పు ఒప్పుకుంటాను. కిందటేడు స్కౌట్ క్యాంపులో రెండో రాత్రి వాన పడింది, మన గుడారం కారింది. గుర్తుందా? ఎనిమిది మందిమి మధ్య గుంజ చుట్టూ ముడుచుకుని కూర్చున్నాం. దుప్పట్లన్నీ తడిసిపోయాయి. ‘పాత గుడారం ఇచ్చారు, అందుకే కారింది’ అని పొద్దున్నే అందరం గొడవ చేశాం. నేనూ గట్టిగానే అరిచాను. కానీ కారింది సరిగ్గా నా తల మీదే. అక్కడ గుడ్డ మీద లోపలి నుంచి వేలితో నా పేరు రాసింది నేనే. వాన పడుతుంటే గుడ్డ చల్లగా తగిలింది. సరదా పుట్టి రాశాను. అక్షరం ఎక్కడ రాస్తే అక్కడే నీరు దిగింది.

రెండో తప్పు అందరిదీ. బస్సు వచ్చేసిందని తడి గుడారాన్ని అలాగే చుట్టేసి, తాడు కట్టి, స్టోరు రూములో మూలకి పడేశాం. మొన్న జెండా పండగ పనులప్పుడు దాన్ని బయటికి తీశాం. విప్పితే నల్ల మచ్చలు, కుళ్లు వాసన. ఒకచోట బొటనవేలితో నొక్కితే నానిన బెరడులా విడిపోయింది. నలుగురు లాగినా చినగదనుకున్న గుడ్డ, బొటనవేలికి చినిగింది!

మన క్రాఫ్టు టీచరుగారు నేతపని చేసే ఇంట పుట్టారు. ఆమె ఆ చినిగిన ముక్క చేతిలోకి తీసుకుని, ఒక్కొక్క పోగూ లాగి చూపించారు. ‘గుడ్డ మందంగా ఉంటే గట్టిదని కాదురా. ఎలా పేనారు, ఎలా నేశారు, ఎలా దాచారు, ఈ మూడూ చూడాలి’ అన్నారు. ఆ మధ్యాహ్నం ఆమె దగ్గర విన్నవీ, తర్వాత లైబ్రరీలో చదివినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

1. పేనడం: బలం పురిలో ఉంది

అడ్డతీగ నారతో తాడు పేనడం మనందరం చూసిందే. తాతయ్య నారను తొడ మీద పెట్టి అరచేత్తో ఒకవైపుకి దొర్లిస్తాడు. అలాంటివి రెండు పేటలు పక్కపక్కన పెట్టి, రెండింటినీ కలిపి ఈసారి ఎదురువైపుకి దొర్లిస్తాడు. రెండూ ఒకదాన్నొకటి చుట్టుకుంటాయి. చెయ్యి తీసేసినా విడిపోవు. తెరచాప గుడ్డకైనా గుడారం గుడ్డకైనా మొదటి రహస్యం అదే.

పత్తి పింజలో ఒక్కో పీచు పొడవు సుమారు మూడు సెంటీమీటర్లే. మరి అంత పొట్టి పీచులతో మైళ్ల కొద్దీ దారం ఎలా వస్తుంది? పురి పెట్టడం వల్ల. పురి పెడితే పీచులు ఒకదానికొకటి ఒత్తుకుంటాయి. లాగిన కొద్దీ ఇంకా గట్టిగా ఒత్తుకుంటాయి, జారిపోవు. పురి తక్కువైతే పీచులు జారి దారం ఊడిపోతుంది. మరీ ఎక్కువైతే దారం మెలికలు పడుతుంది, పీచుల మీద ముందే భారం పడి తొందరగా తెగుతుంది. కాబట్టి సరిపడా పురి ఉండాలి.

ఒకే లావు దారం తీసుకోవచ్చు కదా, రెండు మూడు పేటలు కలపడం ఎందుకు? నేనూ ఇదే అడిగాను. ఏ దారంలోనైనా అక్కడక్కడా సన్నబడిన చోట్లు ఉంటాయి. ఒంటి దారమైతే అక్కడే తెగుతుంది. మూడు పేటలు కలిపితే ఒకదాని సన్నచోటు పక్కన మిగతా రెండింటి లావుచోటు పడుతుంది. ఒకదాని లోపం ఇంకొకటి మోస్తుంది. పైగా పేటలు కలిపేటప్పుడు ఎదురు పురి పెడతారు కాబట్టి దారం మెలి తిరగకుండా నిలకడగా ఉంటుంది.

నూలు లావు చెప్పడానికి నేతవాళ్లు ‘నంబరు’ అంటారు. ఒక పౌను, అంటే సుమారు 454 గ్రాముల నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అదే దాని నంబరు. 10వ నంబరు అయితే పది చిలపలు, అంటే 8,400 గజాలు. 100వ నంబరు అయితే 84,000 గజాలు, దాదాపు 77 కిలోమీటర్లు! నంబరు పెరిగితే నూలు సన్నబడుతుందన్నమాట. సన్న చీరలకు 80, 100 నంబర్లు వాడతారు. గుడారం గుడ్డకి తక్కువ నంబరు లావు నూలు తీసుకుని, దాన్ని మళ్లీ పేటలు కలిపి వాడతారు.

2. నేయడం: అన్ని పోగులూ సమానంగా మోయాలి

మగ్గం మీద నిలువుగా సాగదీసి కట్టేది పడుగు. నాడెతో అడ్డంగా తోసేది పేక. పేక పోగు ఒక పడుగు పోగు మీదుగా, తర్వాతి దాని కిందుగా, మళ్లీ మీదుగా వెళ్తుంది. తర్వాతి వరుసలో దీనికి తిరగేసి వెళ్తుంది. మనం తాటాకు చాప అల్లినట్టే. దీన్ని సాదా నేత అంటారు. ఇంతకన్నా తేలికైన నేత లేదు. కానీ పోగులు ఒకదాన్నొకటి ఎక్కువసార్లు పట్టుకునేదీ ఇదే. గుడారానికీ, తెరచాపకీ, బరువు సంచులకీ ఈ నేతే వాడతారు. కొన్ని రకాల్లో రెండు పడుగు పోగులు జంటగా నడుస్తాయి.

అయితే చీర నేతకీ కాన్వాసు నేతకీ తేడా ఎక్కడుంది? మూడు చోట్ల ఉంది.

మొదటిది పడుగు బిగువు. లావు పేకను గట్టిగా దగ్గరికి కొట్టాలంటే పడుగు వీణ తీగలా బిగిసి ఉండాలి. ఒక్క పోగు వదులైనా తంటాయే. గుడ్డను లాగినప్పుడు ఆ వదులు పోగు భారం మోయదు. దాని వంతు పక్క పోగుల మీద పడుతుంది. అవి ముందు తెగుతాయి. అందుకే పడుగు పోసేటప్పుడే అన్ని పోగులూ ఒకే పొడవు, ఒకే బిగువు ఉండేలా చూస్తారు. టీచరుగారు దీనికి మన నీళ్ల డ్రమ్ము మోసే పనిని పోల్చారు. నలుగురు మోస్తున్నప్పుడు ఒకడు ఊరికే చెయ్యి ఆనించి నడిస్తే, మిగతా ముగ్గురి భుజాలు పడిపోతాయి కదా!

రెండోది పేకను కొట్టడం. దువ్వెనలా ఉండే పన్నెతో ప్రతి పేక పోగునూ ముందు పోగు మీదికి గట్టిగా కొడతారు. సన్న గుడ్డకి మెల్లగా తాకిస్తే చాలు. కాన్వాసుకి బలంగా కొట్టాలి. ఆ దెబ్బలకి తట్టుకోవాలంటే మగ్గం కూడా బరువుగా ఉండాలి. అంగుళంలో పోగుల లెక్క చూస్తే సన్న చీరలోనే ఎక్కువ. కానీ కాన్వాసులో పోగు లావు, పోగుకీ పోగుకీ మధ్య సందు దాదాపు ఉండదు. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. మంచి కాన్వాసులో చుక్కలు కనపడవు.

మూడోది గంజి. పడుగు పోగులు పన్నెకి రాసుకుని నలిగిపోకుండా మామూలు నేతలో గంజి పెడతారు. పేటలు కలిపిన గట్టి నూలుకి గంజి అవసరం తక్కువ. గంజి తక్కువైతే ఇంకో లాభం ఉంది. గంజి అంటే పిండి. పిండి అంటే బూజుకి అన్నం. ఈ సంగతి కాసేపట్లో మళ్లీ చెబుతాను.

3. బరువులో తేడా

‘కాన్వాసు’ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? గంజాయి జాతి మొక్కకి లాటిన్‌లో ఉన్న ‘కన్నబిస్’ అనే పేరు నుంచి. నవ్వకండి! ఆ జాతిలో నార కోసమే పెంచే రకం ఒకటి ఉంది. యూరప్‌లో తెరచాపలకీ ఓడ తాళ్లకీ దాని నార, అవిసె నార వందల ఏళ్లు వాడారు. పత్తి తర్వాత వచ్చింది.

గట్టి పత్తి గుడ్డకి ‘డక్’ అనే పేరు కూడా ఉంది. ఇంగ్లీషు బాతుకీ దీనికీ సంబంధం లేదు. డచ్చి భాషలో ‘డూక్’ అంటే గుడ్డ. అమెరికాలో డక్ గుడ్డకి నంబర్లు పెట్టారు. 22 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు ముక్క ఎన్ని ఔన్సులు తూగుతుందో చూస్తారు. 19 లోంచి ఆ బరువు తీసేస్తే వచ్చేదే నంబరు. 1వ నంబరు డక్ ముక్క 18 ఔన్సులు తూగుతుంది. లెక్క కడితే చదరపు మీటరుకి ఒక కిలో! 10వ నంబరుది చదరపు మీటరుకి అర కిలో. మన యూనిఫాం చొక్కా గుడ్డ చదరపు మీటరు తూస్తే ఇందులో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. ఇక్కడ కూడా నంబరు పెరిగితే గుడ్డ తేలికవుతుంది, గమనించారా?

4. చిరుగు ఎలా మొదలవుతుంది?

ఒక పాత గుడ్డ ముక్క తీసుకుని రెండు చేతులతో నిటారుగా లాగండి. చినగదు. ఇప్పుడు అంచు మీద బ్లేడుతో చిన్న గాటు పెట్టి లాగండి. సర్రున చినుగుతుంది. ఎందుకు? మొదటిసారి వందల పోగులు కలిసి మోశాయి. గాటు పెట్టాక భారం అంతా గాటు చివర ఉన్న ఒక్క పోగు మీద పడింది. అది తెగింది. తర్వాత దాని పక్కది. అలా ఒక్కొక్కటే.

దీన్ని ఆపడానికి రెండు ఉపాయాలు ఉన్నాయి. ఒకటి, పోగులే లావుగా, గట్టిగా ఉండటం. చిరుగు వచ్చి తగిలిన పోగు తెగకపోతే అక్కడే ఆగిపోతుంది. రెండోది, సన్న గుడ్డలోనే కొన్ని మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున నిలువుగా, అడ్డంగా లావు పోగులు వేసి గళ్లుగా నేయడం. చిరుగు ఒక గడిలో మొదలైతే దాని గట్టు దాటలేదు. పొలంలో గట్టు నీటిని ఆపినట్టు. పారాచూట్లకీ, తేలిక గుడారాలకీ ఈ గళ్ల నేత వాడతారు. కొత్త రకం బ్యాగుల మీద చిన్న చిన్న గళ్లు చూశారా? అవి అందం కోసం వేసినవి కావు.

ఇంకో పరీక్ష చేయండి. చేతిరుమాలును పడుగు వెంట లాగండి. పెద్దగా సాగదు. ఇప్పుడు ఎదురెదురు మూలలు పట్టుకుని ఐమూలగా లాగండి. సాగి ఆకారమే మారిపోతుంది. పోగు వెంట లాగితే పోగే మోస్తుంది. ఐమూలగా లాగితే మోసే పోగే ఉండదు. అందుకే తెరచాపలు కుట్టేవాళ్లు గుడ్డ పట్టీలను ఎలా పడితే అలా కలపరు. గాలి ఏ అంచును ఎక్కువ లాగుతుందో చూసి, ఆ అంచు వెంట పోగులు వచ్చేలా కుడతారు. అంచు చుట్టూ తాడు కూడా కుడతారు. గాలి దెబ్బను ముందు తాడు మోస్తుంది, తర్వాత గుడ్డకి పంచుతుంది. మన గుడారం మూలల్లో రెండు మూడు మడతలు వేసి ఇత్తడి రింగులు కొట్టింది కూడా ఇందుకే.

5. తెరచాపలు చెప్పిన సాక్ష్యం

సముద్రం మీద గుడ్డ చినిగితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే గట్టి గుడ్డ విద్య ఎక్కువగా ఓడల వల్లే పెరిగింది. మన ఆంధ్ర తీరంలోనూ ఓడలు పాతకాలం నుంచే ఉన్నాయి. క్రీస్తు శకం 2వ శతాబ్దంలో శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది.

1805లో ట్రఫాల్గర్ దగ్గర ఇంగ్లీషువాళ్లకీ, ఫ్రెంచి, స్పెయిన్ వాళ్లకీ నౌకా యుద్ధం జరిగింది. అందులో ‘విక్టరీ’ అనే ఓడ మీద ఎగిరిన ఒక తెరచాప ఇప్పటికీ ఉంది. అవిసె నారతో నేసింది. విస్తీర్ణం 3,600 చదరపు అడుగులకి పైమాటే. మన భోజనశాల కప్పుకి సరిపోతుందేమో! దాని మీద గుళ్లు దూసుకుపోయిన రంధ్రాలు సుమారు 90 ఉన్నాయి. అన్ని తూట్లు పడినా తెరచాప నిలువునా రెండు ముక్కలు కాలేదు. ఒక పోగు తెగినా పక్క పోగు ఆపడం అంటే అదే.

ఇంకో కథ. 1851 ఆగస్టు 22న ఇంగ్లండులో వైట్ అనే దీవి చుట్టూ పడవ పందెం జరిగింది. అమెరికా నుంచి వచ్చిన పడవ ఒక్కటే. దాని పేరూ ‘అమెరికా’. ఇంగ్లీషు పడవల తెరచాపలు అవిసె నారవి. గాలికి సంచిలా ఉబ్బేవి. పోగుల సందుల్లోంచి గాలి జారిపోకుండా వాటి మీద నీళ్లు చల్లేవారు. తడిస్తే పోగులు ఉబ్బి సందులు మూసుకుంటాయి కాబట్టి. ‘అమెరికా’ తెరచాపలు మిల్లులో బిగువుగా నేసిన పత్తి గుడ్డవి. నీళ్లు చల్లే పని లేకుండా పలకలా చదునుగా నిలిచాయి. పందెం ఆ పడవే గెలిచింది. పడవ ఆకారం బాగుండటం కూడా ఒక కారణమే అంటారు. కానీ ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లు కూడా పత్తి తెరచాపల వైపు చూశారు.

6. నేల మీద మగ్గం, నల్ల గుడారం

గట్టి గుడ్డకి పెద్ద మిల్లు ఉండి తీరాలా? అక్కర్లేదు. అరేబియా ఎడారిలో తిరిగే బెదూయిన్ల గుడారాలు మేక వెంట్రుకలతో నేసినవి. నేసేది స్త్రీలు. మగ్గం అంటే నేలలో పాతిన మేకులు, రెండు మూడు కర్రలు, అంతే. గుడారం తీసేటప్పుడు మగ్గాన్ని కూడా చుట్టి ఒంటె మీద వేసుకుంటారు. పొడవాటి పట్టీలు నేసి పక్కపక్కన కుడతారు. ఎండలో గుడ్డ సందుల్లోంచి గాలి ఆడుతుంది. వాన పడితే వెంట్రుకలు ఉబ్బి సందులు మూసుకుంటాయి. పాతబడిన పట్టీ ఒకటి తీసేసి కొత్తది కుడుతూ ఉంటారు. గుడారం మొత్తం ఒకేసారి పాతబడదు.

మన దగ్గరా ఇలాంటి విద్య ఉంది. బొండా, గదబ స్త్రీలు ‘కెరంగ్’ అనే మొక్క నారను చేత్తో వడికి, ఇంటి దగ్గరే చిన్న మగ్గం మీద గట్టి గుడ్డ నేసేవారు. మన హాస్టల్లో గదబ తమ్ముళ్లు ఉన్నారు. ఈసారి సెలవులకి వెళ్లినప్పుడు మీ అమ్మమ్మల్ని అడిగి, ఆ నార ఎలా తీసేవారో రాసి తెండి. వచ్చే సంచికలో వేద్దాం.

7. మొదటి ప్రశ్నకి జవాబు: నా పేరు రాస్తే ఎందుకు కారింది?

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వద్దాం. గుడారం గుడ్డ ప్లాస్టిక్కు కాదు. దానికి కంటికి కనపడని సందులు ఉంటాయి. మరి వాన ఎందుకు లోపలికి రాదు?

రెండు కారణాలు. ఒకటి, తడిసిన పత్తి పోగు ఉబ్బుతుంది. ఇంగ్లీషు పడవల మీద నీళ్లు చల్లినట్టే, వానే మన గుడారం సందులు మూస్తుంది. రెండోది, మిగిలిన చిన్న సందుల దగ్గర నీరు బొట్టుగా నిలబడుతుంది. నీటి పైభాగం పల్చటి పొరలా బిగిసి ఉంటుంది. తామరాకు మీద బొట్టు గుండ్రంగా నిలవడం చూశాం కదా. గుడ్డకి మైనం లాంటిది పట్టించి ఉంటే బొట్టు ఇంకా బాగా నిలుస్తుంది. లోపలికి దిగకుండా గుడ్డ వాలు వెంట జారిపోతుంది.

లోపలి నుంచి వేలు తగిలిస్తే ఏమవుతుంది? ఆ బొట్టు వేలికి అంటుకుంటుంది. పొర పగులుతుంది. నీటికి దారి దొరుకుతుంది. వేలు తీసేసినా తడి దారి ఉండిపోతుంది. తర్వాత వచ్చే నీరంతా అదే దారిలో దిగుతుంది. నేను రాసిన పేరులో ప్రతి అక్షరం ఒక కాలువ అయింది! పెట్టెలు, సంచులు గుడ్డకి ఆనించినా ఇదే జరుగుతుంది.

పొరపాటున తగిలితే చిన్న ఉపాయం ఉంది. కారుతున్న చోటు నుంచి కింద అంచు దాకా వేలితో గీత గీయాలి. నీరు నడినెత్తిన కారకుండా ఆ గీత వెంట గోడ కిందికి పోతుంది. ఇది నాకు ఆ రాత్రే తెలిసి ఉంటే బాగుండేది.

తాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తడిస్తే పీచులు ఉబ్బి తాడు లావెక్కుతుంది. లావెక్కిన తాడు చుట్టూ పురి తిరగాలంటే ఎక్కువ పొడవు కావాలి. అందుకని తాడు పొట్టిదవుతుంది. నూలు తాళ్లు, నార తాళ్లు వానలో బిగుసుకుని మేకులు పీకేస్తాయి, లేదా రింగుల దగ్గర గుడ్డ చింపేస్తాయి. వాన వచ్చేలా ఉంటే తాళ్లు కొంచెం వదులు చేయమని స్కౌట్ మాస్టారు అరిచింది ఇందుకే. మనం వినలేదు.

8. రెండో ప్రశ్నకి జవాబు: బొటనవేలికి ఎందుకు చినిగింది?

ఒక వింత చెబుతాను. పత్తి తడిస్తే బలం తగ్గదు. పదో ఇరవయ్యో శాతం పెరుగుతుంది. అయితే తడి గుడారం ఎందుకు పాడైంది? తడి వల్ల కాదు, తడిలో పెరిగిన బూజు వల్ల.

పత్తి పీచు అంటే సెల్యులోజ్. చెట్టు కాండంలో, ఎండుటాకులో ఉండేది కూడా అదే. అడవిలో రాలిన ఆకులను కుళ్లబెట్టే బూజు మన గుడారాన్ని కూడా ఆకులాగే చూస్తుంది. చుట్టిపెట్టిన గుడ్డలో తడి, చీకటి, వెచ్చదనం ఉంటాయి. గాలి ఆడదు. దానికి పండగే. పీచును కొరికి తినదు. ఒక రసం విడిచి, సెల్యులోజ్‌ను ముక్కలు చేసి పీల్చుకుంటుంది. పైకి గుడ్డ మందంగానే కనిపిస్తుంది. లోపల పీచులు పొట్టివైపోతాయి. పురి పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

1939-45 రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం పసిఫిక్ దీవుల్లో గుడారాలు వేసింది. అక్కడి వానలకి గుడారాలు, బట్టలు, పట్టీలు కుళ్లిపోయాయి. ఎందుకని శాస్త్రవేత్తలు పరిశోధించారు. సాలమన్ దీవుల నుంచి తెచ్చిన కుళ్లిన గుడ్డ మీద ఒక బూజు దొరికింది. సెల్యులోజ్‌ను అది చాలా బాగా కరిగిస్తుంది. దాని మీద పనిచేసిన రీస్ అనే శాస్త్రవేత్త పేరుతో దాన్ని ట్రైకోడెర్మా రీసీ అంటున్నారు. గుడారాలను తిన్న ఆ బూజునే ఇప్పుడు పరిశ్రమలు పెంచి, దాని రసం వాడుకుంటున్నాయి. మన రైతులు వేరుకుళ్లుకి వాడే ట్రైకోడెర్మా పొడి కూడా ఆ కుటుంబానిదే. శత్రువులోనూ పనికొచ్చే గుణం ఉంటుందన్నమాట!

బూజును ఆపడానికి మందులు ఉన్నాయి. సైన్యం గుడారాలకి రాగి కలిసిన మందులు పట్టించేవారు. మన రైతులు తెగుళ్లకి మైలతుత్తం వాడటం లాంటిదే ఇది. అంతకుముందు ఇంగ్లండు జాలరులు తెరచాపలనూ వలలనూ ఒక ఎర్రటి కషాయంలో ముంచేవారు. అది దేని నుంచి చేసేవారో తెలుసా? మన అడవుల్లో ఉండే సండ్ర చెట్టు చేవ నుంచి తీసే కాచు! తాంబూలంలో వేసుకునేదే. భారతదేశం నుంచీ, బర్మా నుంచీ ఓడల్లో వెళ్లేది. కాచులోని వగరు పదార్థం బూజును దగ్గరికి రానివ్వదు. మన కొండల్లోని చెట్టు ఎక్కడో చలి సముద్రంలో తెరచాపల్ని కాపాడింది. నాకు ఇది చదివినప్పుడు చాలా గర్వంగా అనిపించింది.

9. నీలం పట్టా మాటేమిటి?

‘ఇప్పుడు ప్లాస్టిక్ పట్టాలు ఉన్నాయిగా, ఈ గొడవంతా ఎందుకు’ అని కొందరు అంటారు. నీలం పట్టా చిరిగిన అంచును దగ్గరగా చూడండి. రిబ్బను లాంటి పట్టీలు పైకీ కిందికీ అల్లి ఉంటాయి. అదీ పడుగూ పేకే! దానికి రెండు వైపులా పల్చటి ప్లాస్టిక్ పొర అతికిస్తారు. దానికి బూజు పట్టదు, నీరు దిగదు. తేలిక, చవక. చింతపండు, ధాన్యం కప్పడానికి మంచిదే. కానీ ఎండ దానికి శత్రువు. కొన్ని ఎండాకాలాలకి పొర రాలి పీచుపీచుగా ఊడిపోతుంది. లోపల గాలి ఆడదు. మన ఊపిరే చెమ్మగా మారి పైనుంచి బొట్లు రాలుతుంది. తెరచాపలకి కూడా 1950ల నుంచి పాలిస్టర్ గుడ్డ వచ్చింది. సాగదు, కుళ్లదు. నూలు మారింది. బిగువు, పురి, సమాన భారం అనే సూత్రాలు మాత్రం మారలేదు.

10. మన గుడారానికి ఇప్పుడేం చేయాలి?

టీచరుగారు మొత్తం గుడారం పరిచి చూశారు. కుళ్లింది రెండు చోట్లే. మిగతా గుడ్డ గట్టిగానే ఉంది. ‘బాగుచేయొచ్చు’ అన్నారు. ఆమె చెప్పిన పద్ధతి ఇది:

మొదట పూర్తిగా ఎండబెట్టి, మెత్తటి బ్రష్‌తో బూజు దులపాలి. బట్టల సబ్బు పొడి వేసి ఉతకకూడదు, నీరు నిలవకుండా చేసే గుణం పోతుంది.

అతుకు వేసే గుడ్డ అంతే బరువు ఉండాలి. అతుకు పడుగు, గుడారం పడుగు ఒకే వైపు ఉండాలి. లేకపోతే లాగినప్పుడు ఒకటి సాగి ఒకటి సాగక కుట్టు తెగుతుంది.

అతుకు కుళ్లిన చోటు దాటి గట్టి గుడ్డ మీదికి నాలుగు వేళ్లయినా రావాలి. మూలలు గుండ్రంగా కత్తిరించాలి. పేటల దారానికి తేనెమైనం రుద్ది కుట్టాలి. మైనం మన ఇళ్లలో దొరికేదే. సెలవుల నుంచి వచ్చేటప్పుడు ఒక ముద్ద తెస్తానని ఇద్దరు ఇప్పటికే మాటిచ్చారు.

చివరగా, తడి గుడారాన్ని చుట్టకూడదు. బస్సు వచ్చినా సరే. తప్పక చుట్టాల్సి వస్తే, హాస్టలుకి రాగానే అన్నం కూడా తినకుండా ముందు దాన్ని విప్పి ఆరేయాలి.

వార్డెన్ సారుకి ఒక మనవి. ఆదివారం పొద్దున్న స్టోరు రూము తాళం ఇప్పించండి. కిందటేడు ఆ గుడారంలో పడుకున్న ఎనిమిది మందిమీ వస్తాం. దాన్ని ఆటస్థలం కంచె మీద ఎండేస్తాం, సాయంత్రానికి మేమే లోపల పెడతాం. ఈ ఏడు ఆరో తరగతి తమ్ముళ్లు మొదటిసారి క్యాంపుకి వెళ్తున్నారు. వాళ్లు పొడిగా పడుకోవాలి.

తమ్ముళ్లూ, మీకు ఒక్క మాట. లోపలి నుంచి గుడ్డ మీద పేరు రాయకండి. పేరు రాయాలని అంత సరదాగా ఉంటే ఈ గోడపత్రికకి రాయండి. ఇక్కడ కారదు.

— 9వ తరగతి, బి సెక్షన్